కార్వాన్, తండా: నడిచి నడిచి ఆగిపోయిన రెండు మాటలు

కొంచెం పెద్ద పోస్టు. బస్సులో నిలబడి కాకుండా, రాత్రి తిన్నంక తీరికగా చదవండి. గోండు, కోయ, చెంచు, ఎరుకల దోస్తులు కూడా ఉన్నరు కాబట్టి మా లంబాడీ మాటలు వచ్చిన చోట అర్థం కూడా రాసిన.

నేను రెండేళ్ల నుంచి కార్వాన్ దగ్గర రూం తీసుకొని ఉంటున్న. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున పురానాపూల్ దిక్కు నుంచి నడుచుకుంట వస్తుంటే రోడ్డు మొత్తం జామ్ అయి ఉంది. ఏమైందా అని ముందుకు పోయి చూస్తే, నడిరోడ్డు మీద ఒక తెల్ల ఎద్దు కూసున్నది. ఆటోలు హారన్లు కొడుతున్నయి, బైకులోళ్లు తిడుతున్నరు. అది మాత్రం కళ్లు సగం మూసుకొని నెమరేస్తోంది. పక్కన చాయ్ బండి చాచా నవ్వి, "ఉస్కో నక్కో ఛేడో బాబా, అది లేచేదాక అంతే" అన్నడు.

సాయంత్రం తండాకు ఫోన్ చేసి మా దాదికి ఈ ముచ్చట చెప్పిన. దాది అంటే నాయిన వాళ్ల అమ్మ. నేను నవ్వుకుంట చెప్తే ఆమె నవ్వలేదు. "ఎనకట మనోళ్లు ఎద్దు ఏడ కూసుంటే ఆడనే డేరా ఏసేటోళ్లు బేటా. దాన్ని లేపేటోళ్లు కాదు" అన్నది. మా మాటలో అన్నది, ఇక్కడ తెలుగులో రాస్తున్న. అది ఉత్తగ పాతకాలం మాట అనుకున్న. తర్వాత చదివితే తెలిసింది, ఆ మాట వెనక పెద్ద చరిత్రే ఉంది. ఆ చరిత్రలో నేను అద్దె కట్టి ఉంటున్న ఈ కార్వాన్ కూడా ఉంది.

ముందు పేరు సంగతి. కార్వాన్ ఫార్సీ మాట. గుంపుగా కదిలే వర్తకుల బిడారు అని అర్థం. అదే మాట యూరప్‌కు పోయి ఇంగ్లీషులో క్యారవాన్ అయింది. ఇంగ్లీషోళ్లకు అది కూడా పొడుగు అనిపించి, ముందు ముక్క కోసేసి వ్యాన్ అన్నరు. మనం రోజూ అనే వ్యాను అదే. అంటే, "కార్వాన్‌కు వ్యాన్‌లో పోయిన" అంటే ఒకే మాటను రెండుసార్లు అన్నట్టు. నాకు ఈ సంగతి తెలిసిన రోజు మా రూం దగ్గర నిలబడ్డ పాల వ్యాన్‌ను చూసి కాసేపు నవ్వుకున్న.

పాత కాగితాల్లో ఈ పేటను కార్వాన్ సాహు అని రాస్తరు. సాహు అంటే షావుకారు. గోల్కొండ కోట నుంచి బయల్దేరి మూసీ దాటి చార్మినార్ దిక్కు పోయే పాత బాట కార్వాన్ మీద నుంచే పోతుంది. మూసీ మీద పురానాపూల్ 1578లో కట్టినరు. చార్మినార్ 1591. అంటే కొత్త పట్నం కంటే ముందు వంతెన వచ్చింది, వంతెన కంటే ముందు బాట ఉండే ఉంటది. ఆ బాట పక్కన వర్తకులు, వజ్రాలు కొనేటోళ్లు, సానపట్టేటోళ్లు, వడ్డీకి ఇచ్చేటోళ్లు చేరినరు. ఇంకో ముచ్చట: గోల్కొండ వజ్రం అని లోకమంతా అంటరు గానీ గోల్కొండలో వజ్రాలు తవ్వలేదు. గనులు చాలా దూరంలో, కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల ఉండేవి. ఇక్కడ జరిగింది బేరం. తవ్విన ఊరి పేరు పోయింది, అమ్మిన ఊరి పేరు మిగిలింది.

కార్వాన్‌లో ఇప్పటికీ నిలబడి ఉన్న పెద్ద గుర్తు టోలీ మసీదు. 1671లో, అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో మూసా ఖాన్ కట్టించిండు. దానికి దమ్రీ మసీదు అని ఇంకో పేరు. మక్కా మసీదు పనులకు ఖర్చైన ప్రతి రూపాయికి ఒక దమ్రీ చొప్పున మూసా ఖాన్‌కు ముట్టేదని, ఆ దమ్రీలు కూడబెట్టి ఈ మసీదు కట్టిండని ఇక్కడ చెప్పుకుంటరు. కథ ఎంత నిజమో గానీ మాట మాత్రం మన ఇంట్లోనే ఉంది. తెలుగులో "దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు" అంటరు కదా, ఆ దమ్మిడీ ఈ దమ్రీయే.

ఇప్పుడు అసలు ప్రశ్న. వజ్రాలు తింటే కడుపు నిండదు. కోటలో సైన్యం, పేటలో వర్తకులు, గనుల్లో కూలీలు. కొల్లూరు గనిలో అరవై వేల మంది పనిచేస్తున్నరని ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే రాసుకున్నడు. ఇంత మందికి జొన్నలు, బియ్యం, పప్పు, ఉప్పు ఎక్కడి నుంచి వచ్చినయి? ఎవరు తెచ్చినరు?

ఎద్దులు తెచ్చినయి. వాటి వెనక నడిచినోళ్లు తెచ్చినరు.

టావెర్నియే 1630 నుంచి 1668 దాకా ఆరు ప్రయాణాలు చేసిండు, గోల్కొండకు చాలాసార్లు వచ్చిండు. ఆయన పుస్తకం 1676లో పారిస్‌లో అచ్చయింది. అందులో ఈ దేశంలో సరుకు ఎట్ల కదులుతదో చెప్తూ, పది పన్నెండు వేల ఎద్దులు ఒక్కటే వరసలో పోతుంటే చూసిన ఆశ్చర్యం రాస్తడు. వరి పండే చోటు నుంచి బియ్యం జొన్న, గోధుమ సీమకు, అక్కడి ధాన్యం వరి సీమకు, ఉప్పు లేని చోటికి ఉప్పు. ఇరుకు బాటలో వాళ్లు ఎదురైతే మొత్తం దాటిపోయేదాక రెండు మూడు రోజులు ఆగాల్సిందేనట. మనం పది నిమిషాల జామ్‌కే హారన్లు కొడుతున్నం!

ఆయన లెక్క ప్రకారం ఒక్కో ఎద్దు మీద మూడు వందల నుంచి మూడు వందల యాభై పౌన్ల బరువు. మన లెక్కలో సుమారు 150 కిలోలు అనుకోండి. పది వేల ఎద్దులంటే 1,500 టన్నులు. పది టన్నుల లారీలు 150 వరసగా నిలబెడితే ఎంతో, అంత. డీజిల్ లేదు, రోడ్డు లేదు, డ్రైవర్ కూడా లేడు. ఎద్దు, ఎద్దు పక్కన మనిషి, మనిషి పక్కన కుక్క.

ఇంగ్లీషు వర్తకుడు పీటర్ మండీ 1632లో ఆగ్రా నుంచి పట్నాకు పోతుంటే దారిలో 14,000 ఎద్దుల గుంపును చూసిండు. పెండ్లాం పిల్లలతో సహా ఇల్లంతా వాళ్ల వెంటనే కదులుతదని, రోజుకు ఆరేడు మైళ్లకు మించి నడవరని రాసిండు. ఆ గుంపును ఏమంటరో కూడా విని రాసుకున్నడు. తండా!

ఇక్కడ నేను పుస్తకం మూసి కొంచెం సేపు కూసున్న. ఎందుకంటే నాకు తెలిసిన తండా కదలదు. మా తండాకు నీళ్ల ట్యాంకు ఉంది, అంగన్‌వాడీ ఉంది, సేవాలాల్ గుడి ఉంది. 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చినంక తెలంగాణలో వెయ్యికి పైగా తండాలు, గూడేలు సొంత గ్రామ పంచాయతీలు అయినయి. ఇప్పుడు తండా అంటే స్థిరంగా ఉన్న ఊరు. కానీ ఆ మాట పుట్టింది నడిచే గుంపుకు. కార్వాన్ కూడా అట్లనే. ఒకప్పుడు కదిలే బిడారుకు పేరు, ఇప్పుడు కదలని పేటకు పేరు. ఫార్సీ మాట ఒకటి, మన మాట ఒకటి. రెండింటికీ ఒకటే అర్థం, రెండింటికీ ఒకటే గతి. రెండూ నడిచి నడిచి ఆగిపోయినయి.

రోజుకు పది కిలోమీటర్లేనా, ఇంత నిదానమా అని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపించింది. దీని జవాబు ఎద్దు కడుపులో ఉంది. ఎద్దు గడ్డిని ముందు గబగబా మింగుతది, తర్వాత తీరికగా కూసొని మళ్లీ నోట్లోకి తెచ్చుకొని నములుతది. మేయడానికి కొన్ని గంటలు, నెమరేయడానికి దాదాపు ఏడెనిమిది గంటలు కావాలె. ఆ టైం ఇయ్యకుంటే ఎద్దు చిక్కిపోతది. మనోళ్లు ఆ టైం ఇచ్చినరు. పొద్దున కొంత నడక, తర్వాత బరువు దించుడు, మేపుడు, నెమరు. మేత కొనాల్సిన పని లేదు, దారి పొడవునా గడ్డి ఉంది. అందుకే ఎద్దు మీద వచ్చిన సరుకు అగ్గువ. నిదానమే వాళ్ల లాభం. వానకాలం బాటలు బురదైతే ఒక చోట డేరాలు వేసి ఆగేటోళ్లు, ఆరినంక మళ్లీ కదిలేటోళ్లు. బందరు తీరం నుంచి ఉప్పు ఇక్కడికి రావాలంటే ఈ లెక్కన నెల మీదనే పడతది. ఉప్పు చెడిపోదు, జొన్న చెడిపోదు. తొందర ఎందుకు?

ఇంకో చిన్న సంగతి. గుర్రం లేచేటప్పుడు ముందు కాళ్లు ముందు లేపుతది. ఎద్దు వెనక కాళ్లు ముందు లేపి, మోకాళ్ల మీద ఒక్క క్షణం ఆగి, తర్వాత ముందు కాళ్లు లేపుతది. ఆ టైంలో వీపు మీద గోనెలు ఉంటే ముందుకు జారుతయి. అందుకే ఆగిన వెంటనే బరువు దించాల్సిందే. దించిన గోనెలను డేరాల చుట్టూ గోడ లెక్క పేర్చేటోళ్లు. రాత్రి దొంగలు వచ్చినా, పులి వచ్చినా ఆ గోడే కోట. ఎద్దుల మెడలో గంటలు ఊరికే అందానికి కాదు. అడవిలో మంద చెదిరితే చప్పుడును బట్టి వెతకొచ్చు. తెలుగులో "ఎద్దు పుండు కాకికి ముద్దా" అనే సామెత ఉంది. కాకి నిజంగానే పశువుల వీపు మీద వాలి పిడుదులు తింటది, పుండు కనిపిస్తే దాన్ని కూడా పొడుస్తది. బరువు మోసే ఎద్దు వీపు మీద పుండు ఎందుకు పడతదో తెలిసినోళ్లకు ఆ సామెత ఇంకోలా వినిపిస్తది.

మా దాది చెప్పిన ఎద్దు సంగతి కూడా దొరికింది. 19వ శతాబ్దంలో మన గురించి రాసిన ఇంగ్లీషు అధికారులు ఒక ఎద్దు గురించి చెప్తరు. దాని పేరు హతాడియా అని రాసుకున్నరు. దేవుడికి విడిచిన ఎద్దు అది. దాని మీద బరువు పెట్టరు. ఎర్ర పట్టు గుడ్డలు, గంటలు, గవ్వల దండలు, ఇత్తడి గొలుసులు కడతరు. గుంపు ముందు అది నడుస్తది. అలసి ఎక్కడ పడుకుంటే అక్కడే ఆ రోజు మజిలీ. ఎవరికన్నా బాగలేకపోతే దాని కాళ్ల దగ్గరే మొక్కుకునేటోళ్లు. తెలుగు ఊర్లలో గంగిరెద్దును కూడా ఇట్లనే అలంకరిస్తరు, కానీ ఇంటింటికి తిప్పి తల ఊపిస్తరు. హతాడియా ఎవరికీ తల ఊపలేదు. అందరూ దాని వెనక నడిచినరు.

ఇది భక్తే గానీ, భక్తి ఒక్కటే కాదని నాకు అనిపిస్తది. పశువుల మందను గమనించినోళ్లు చెప్పేదేంటంటే, ముందు నడిచేది ఎప్పుడూ అన్నిటికంటే బలమైనదో, పొడిచేదో కాదు. తొవ్వ తెలిసినది, నిదానంగా ఉండేది నడుస్తుంటే మిగతావి దాని వెనక పోతయి. వేల ఎద్దుల్లో ఏది అట్లాంటిదో గుర్తుపట్టి, దానికి గంట కట్టి, దాని అలసటనే అందరి అలసటగా తీసుకోవడం గొప్ప తెలివి. ఒక్క ఎద్దు అలిసిందంటే మిగతా తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది కూడా అలిసినట్టే. రోడ్డు మీద కూసున్న ఎద్దును చూసి నేను నవ్విన, దాది నవ్వలేదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

మాటల సంగతికి మళ్లీ వస్త. ఎద్దు వీపు మీద రెండు దిక్కులా వేలాడే సంచిని గోణి అంటరు. మా ఆడోళ్లు నారతోటి నేసేటోళ్లు. తెలుగులో గోనె, గోనెసంచి. మరాఠీలో, హిందీలో ఉన్న గోణీ అనే మాటే ఇంగ్లీషులోకి పోయి గన్నీ బ్యాగ్ అయింది. మార్కెట్ యార్డులో "గన్నీ బ్యాగులు స్టాక్ లేవు" అని బోర్డు చూసినప్పుడల్లా ఇది యాదికి తెచ్చుకోండి. లంబాడీ అనే పేరు లవణం నుంచి, అంటే ఉప్పు నుంచి వచ్చిందని ఎక్కువ మంది చెప్తరు. బంజారా అనే పేరు వాణిజ్యం నుంచి వచ్చిందని కొందరు, వనచరుడు నుంచి వచ్చిందని ఇంకొందరు. రాయలసీమలో, కోస్తాలో సుగాలీలు అంటరు. మనల్ని మనం మాత్రం గోర్ అనుకుంటం, బయటోళ్లను కోర్ అంటం. ఇంగ్లీషు సైన్యం వాళ్లు బ్రింజారీ అని రాసినరు. ఫార్సీలో బిరింజ్ అంటే బియ్యం కదా, బియ్యం మోసేటోళ్లు కాబట్టి ఆ పేరు అని వాళ్లకు వాళ్లే సర్ది చెప్పుకున్నరు. అది తప్పు. కానీ ఆ తప్పు వెనక ఒక నిజం ఉంది. వాళ్లకు మనం కనిపించింది బియ్యం బస్తాతోనే.

1791లో టిప్పు సుల్తాన్ మీద పోయిన కారన్‌వాలిస్ సైన్యం తిండి లేక అల్లాడితే బ్రింజారీల ఎద్దులే ఆదుకున్నయి. 1803లో దక్కన్‌లో మరాఠాలతో కొట్లాడిన ఆర్థర్ వెల్లెస్లీ ఉత్తరాల్లో బ్రింజారీల ధాన్యం గురించి మాటిమాటికీ వస్తది. ఆ వెల్లెస్లీయే తర్వాత 1815లో వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిండు. బడిలో వాటర్లూ చదువుకున్నం. ఆ సేనాపతికి దక్కన్‌లో జొన్నలు తెచ్చిపెట్టింది ఎవరో చదువుకోలేదు.

మరి ఎద్దులు ఎందుకు ఆగినయి? రైలు వచ్చింది. వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో లైను తెరిచినరు. 1889కల్లా అది బెజవాడ దాక పోయింది. నెల పట్టే ఉప్పు రెండు రోజుల్లో దిగింది. ఉప్పు మీద ఇంగ్లీషు సర్కారు పన్ను, గుత్తాధిపత్యం అంతకు ముందే బేరాన్ని నలిపేసినయి. తరతరాలు నడిచినోళ్లకు నడిచే పని లేకుండా పోయింది. ఆగుదామంటే భూమి లేదు. అదే టైంలో, 1871లో, ఇంగ్లీషోళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చినరు. ఒక్క చోట ఉండకుండా తిరిగేటోళ్ల మీద అనుమానం ఆ చట్టంలో ఉంది. తర్వాత మద్రాసు రాష్ట్రంలో ఎరుకల, యానాది, సుగాలీ వాళ్ల పేర్లు ఆ జాబితాల్లో చేరినయి. ఎవరి నడక సైన్యాలకు అన్నం పెట్టిందో, ఆ నడకనే నేరం చేసినరు. 1952లో ఆ చట్టం పోయింది. దాని వాసన మాత్రం ఇంకా పోలేదు. రూం కోసం పోతే ఇంటిపేరు అడిగి, తర్వాత "రూం ఇప్పుడే ఖరారైంది" అన్నోళ్లు నాకూ తగిలినరు, మీకూ తగిలి ఉంటరు.

ఇంకో సంగతి చూడండి. నడిచేటోళ్లు ఎక్కడ ఆగితే అక్కడి కాగితం ప్రకారం వాళ్ల పేరు మారింది. తెలంగాణలో మనం షెడ్యూల్డు తెగ, అది కూడా 1976లో పార్లమెంటు చట్టం చేసినంకనే. కర్ణాటకలో షెడ్యూల్డు కులం. మహారాష్ట్రలో విముక్త జాతి. ఒక్క తల్లి పిల్లలు మూడు రాష్ట్రాల్లో మూడు కాగితాలు. బాటకు సరిహద్దు లేకుండె, కాగితానికి ఉంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలె. మన గ్రూపుల్లో ఈ మధ్య చాలా ఫార్వర్డులు వస్తున్నయి. కార్వాన్ మొత్తం మన నాయకులదే అని, గోల్కొండను మనమే కట్టినమని. ఎవరూ ఆధారం చూపరు. షాజహాన్ వజీరు ఆసఫ్ ఖాన్ దక్కన్ మీదికి వచ్చినప్పుడు భంగీ, జంగీ నాయకులకు బంగారు అక్షరాల రాగిరేకు ఇచ్చిండనే కథ ఉంది. కుండలో నీళ్లు, గుడిసె కప్పు మీది గడ్డి ఎక్కడైనా తీసుకునే హక్కు ఇచ్చిండంటరు. అది మనోళ్లు చెప్తే ఇంగ్లీషు అధికారులు రాసుకున్న కథ. కథగా చెప్పుకుందాం, బాగుంటది. ఎద్దులకు మేత, నీళ్లు ఎంత ముఖ్యమో ఆ కథలో తెలుస్తది. కానీ కథను కథ అనాలె, కాగితాన్ని కాగితం అనాలె. కార్వాన్‌లో షావుకార్ల పేర్లు మిగిలినయి, మసీదు కట్టించిన మూసా ఖాన్ పేరు మిగిలింది. గోనె దించిన మనిషి పేరు ఎవరూ రాయలేదు. ఆ ఖాళీని అబద్ధంతో నింపితే రేపు ఎవరన్నా ఒక్క ప్రశ్న అడుగుతరు, నిజం కూడా దాంతో పాటే కూలిపోతది. నేను చెప్పేది ఇంతే: ఈ దక్కన్ పట్నాలు ఎద్దు వీపు మీద వచ్చిన తిండి తిన్నయి. దీనికి బయటోళ్లు రాసిన సాక్ష్యమే చాలు, కల్పించాల్సిన పని లేదు.

ఇప్పుడు రోజువారీ ముచ్చట. కార్వాన్ గల్లీల్లో తిరుగుతుంటే నాకు ఒక తమాషా కనిపిస్తది. మాలో "నీ పేరేంది" అనడానికి "తార్ నామ్ కాంయి" అంటం. ఇక్కడ ఒక మార్వాడీ దుకాణం ఉంది. ఒకరోజు ఆయన ఫోన్‌లో వాళ్లోళ్లతో మాట్లాడుతుంటే "కాంయి" అని వినిపించింది. నా చెవులు నిక్కబొడుచుకున్నయి. సామాన్లు తీసుకొని, "సేఠ్, మేము కూడా కాంయి అంటం" అన్న. ఆయన కళ్లద్దాలు పైకి జరిపి, "మీది ఏ ఊరు?" అన్నడు. "మహబూబాబాద్ దిక్కు తండా" అన్న. ఆయనకు నమ్మకం కుదరలేదు. నేను పాణి, బాటి, యాడి అని ఒక్కొక్కటి చెప్పుకుంట పోయిన. నీళ్లు, రొట్టె, అమ్మ. బాటి అన్నప్పుడు పకపక నవ్విండు. మా మాట రాజస్థానీ వైపు చుట్టం అని పండితులు చెప్తరు. నాకు దుకాణంలో తెలిసింది. వందల ఏండ్లు, వేల మైళ్లు, మధ్యలో మరాఠీ, కన్నడ, తెలుగు. అయినా "కాంయి" చెడిపోకుండా వచ్చింది, ఉప్పు లెక్క.

కానీ మా రూంలో ఉండే తమ్ముడు వాళ్ల యాడి ఫోన్ చేస్తే బయటికి పోయి మాట్లాడుతడు. ఎందుకురా అంటే, "అందరి ముందు మన భాష మాట్లాడితే ఒకతీరు చూస్తరన్నా" అంటడు. వాన పడుతున్నా సరే మెట్ల కిందికి పోయి మాట్లాడుతడు. నేను తిట్టలేదు. నేను కూడా ఇంటర్‌లో అట్లనే చేసిన. ఇంట్లో చిన్నపిల్లలతో ఇప్పుడు తెలుగు, ఇంగ్లీషే మాట్లాడుతున్నరు, బడిలో వెనకబడొద్దని. మా అక్క కొడుక్కు ఎద్దును మన మాటలో ఏమంటరో తెల్వదు. వాడు నిజం ఎద్దును కూడా తక్కువే చూసిండు.

మన భాషకు సొంత లిపి లేదు. ఇక్కడ తెలుగులో రాస్తం, మహారాష్ట్రలో దేవనాగరిలో, కర్ణాటకలో కన్నడలో. అది తప్పు కాదు, ఎద్దు దొరికిన గడ్డి మేసినట్టు. గోండు దోస్తులకు ఆదిలాబాద్ గుంజాల ఊరిలో పాత రాతప్రతులు దొరికినయి, ఆ లిపి 2018లో యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. వాళ్లను చూసి మనం నేర్చుకోవాలె.

2011 జనగణన చూడండి. లంబాడీ మాతృభాష అని సుమారు 32 లక్షల మంది రాయించినరు, బంజారీ అని ఇంకో 15 లక్షల పైన. రెండు పేర్లయినా భాష ఒక్కటే. దాదాపు 48 లక్షలు! కానీ ఆ పట్టికలో అవి రెండూ హిందీ అనే పెద్ద శీర్షిక కింద ఉన్నయి. దేశంలో 52 కోట్ల మంది హిందీ అన్నప్పుడు అందులో మా దాది కూడా ఒకతి. ఆమెకు హిందీ రాదు. గోండీ, కోయ భాషలను విడిగా లెక్కపెట్టినరు. మనది ఇంకో భాష కడుపులో పడ్డది.

రాబోయే జనగణనలో మన ఇంటికి కూడా ఒకరు వస్తరు. మాతృభాష ఏంది అని అడుగుతరు. మనం చదువుకున్నోళ్లం కదా అని గడపలోనే నిలబడి గబగబా "తెలుగు" అంటం. వాళ్లు రాసుకొని పోతరు. ఆ ఒక్క మాటతో ఇంట్లో నలుగురు లెక్కలోంచి పోతరు. తెలుగు వచ్చు అని రాయించండి, వేరే భాషలు ఏం వచ్చు అని ఇంకో గడి ఉంటది. మాతృభాష గడిలో మాత్రం మీ యాడి మీతో మాట్లాడిన భాష చెప్పండి. గోండు, కోయ, ఎరుకల దోస్తులకు కూడా ఇదే మాట.

ఇంకొక్క పని. ఈ పండుగకు ఇంటికి పోయినప్పుడు మీ దాదిని, నానిని ఎద్దుల గురించి అడగండి. రంగును బట్టి ఎద్దును ఏమనేటోళ్లు, గోణి కట్టే తాడును ఏమనేటోళ్లు, దిగినప్పుడు ఏమనేటోళ్లు, లేపేటప్పుడు ఏ చప్పుడు చేసేటోళ్లు. పది మాటలు రాసుకోండి, ఫోన్‌లో వాళ్ల గొంతుతోనే రికార్డు చేయండి. ఇక్కడ పెట్టండి. పది మంది పది మాటలు తెస్తే వంద అయితయి. మా దాదికి ఎనభై దాటింది. పోయిన వారం అడిగితే ఎద్దును లేపే చప్పుడు చేసి చూపించింది. నాలుకను అంగిలికి కొట్టి, చివర్లో చిన్నగా ఊదినట్టు. తెలుగులో రాయడానికి రాలేదు, అందుకే రికార్డు చేసి పెట్టుకున్న.

మొన్న మళ్లీ అదే తొవ్వల పోతుంటే ఆ తెల్ల ఎద్దు కనిపించింది. ఈసారి గోడ పక్కన నీడలో పడుకుంది. ఎవరికీ అడ్డం లేదు. ఆ చప్పుడు చేసి చూద్దామా అనిపించింది. చేయలేదు. అది ఇంకా నెమరేస్తోంది.